తిన్నగా నడిచిన సుబేదారు

ఎవ్సేయ్ నికనోరొవిచ్ బుల్దకోవ్ ఉద్యోగం మట్టిలో అబద్ధాలాడటం. ప్రభుత్వం జీతమిచ్చి, బూట్లిచ్చి, చలికాలానికి గొర్రెతోలు కోటు కూడా ఇచ్చి మరీ ఆయన చేత ఆ పని చేయించింది. పదిహేడేళ్ళు చేశాడు. నేనిప్పుడు వొలొగ్దాలో తలుపులూ కిటికీలూ చేసుకుని బతుకుతున్న వడ్రంగిని. ఎవరైనా నాతో మరీ నిజాయితీగా మాట్లాడితే చప్పున నమ్మలేను, ముందు వాడి బూట్ల వంక చూస్తాను. ఈ రోగం నాకు అంటించింది ఆయనే.

1974 వేసవిలో మా బ్యాచిని ఉసూరి నది ప్రాంతంలోని సరిహద్దు దళాల శిక్షణ కేంద్రానికి తోలారు. అసలు సరిహద్దు అక్కడికి నలభై కిలోమీటర్లు. మీసం సరిగా మొలవని వెధవల చేతికి నిజం సరిహద్దు ఎవడిస్తాడు? అందుకని మాకోసం అచ్చం అలాంటిదే ఒకటి కట్టి పెట్టారు. ముళ్ళకంచె, కాపలా బురుజు, కంచె పక్కన ఆరు మీటర్ల వెడల్పున దున్ని, గుర్రానికి దంతె కట్టి తోలి, పిండిలా చదును చేసిన మట్టి పట్టీ. పట్టీకి ఇవతల ఓక్ చెట్ల అడవి, అది మన దేశం. అవతల సామూహిక వ్యవసాయ క్షేత్రం వాళ్ళ సోయా చేను, అది విదేశం. విదేశంలో ఆడవాళ్ళు తలగుడ్డలు కట్టుకుని కలుపు తీసేవాళ్ళు. దాహమేస్తే గేటు దగ్గర పేరు రాయించుకుని మన దేశంలోకి వచ్చి, నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళలో లావుపాటి ఆవిడ ఒకరు, బురుజు మీద ఎవరున్నా సరే, "అబ్బాయ్, మీ దేశంలో టైమెంతయింది?" అని అడగందే వెళ్ళేది కాదు.

మొదటి రోజే సుబేదారు బుల్దకోవ్ మమ్మల్ని పట్టీ పక్కన కూర్చోబెట్టాడు. పొట్టిగా వెడల్పుగా ఉండేవాడు. పొగాకు తాగి తాగి మీసం పసుపెక్కింది. మట్టిలో బూటు గుర్తులు చూపించాడు.

"చూసి చెప్పండ్రా. ఎవరు, ఎటు, ఎంతమంది?"

జుర్బా చెయ్యెత్తాడు. పొల్తావా కుర్రాడు, బడిలో ఎప్పుడూ ఫస్టు వచ్చేవాడట, ఆ సంగతి మాకు రైల్లోనే మూడుసార్లు చెప్పాడు. "మగవాడు, కామ్రేడ్ సుబేదార్. బాగా బరువైనవాడు. అడవిలోకి వెళ్ళాడు. ఒక్కడే."

"ఒట్టు?"

"ఒట్టు."

సుబేదారు విదేశం వైపు తిరిగి ఈల వేశాడు. సోయా చేలోంచి వంటవాడు లేచాడు. వాడి వీపు మీద మా క్షురకుడు ఉన్నాడు, కాళ్ళు ఊపుకుంటూ.

"ఇద్దరు. అడవిలోంచి వెనక్కి నడుచుకుంటూ అటు పోయారు," అన్నాడు సుబేదారు. "నీ లెక్క ప్రకారం అడవంతా గాలించేవాడివి. వీళ్ళు ఈపాటికి అక్కడ కూర్చుని నీ బొమ్మ పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు."

అలా మొదలైంది మా చదువు. వెనక్కి నడిచేవాడికి బొటనవేలి వైపు లోతుగా దిగుతుంది, అడుగులు చిన్నవవుతాయి, కాళ్ళు ఎడంగా పడతాయి. అది చేతకానివాడి సంగతి. చేతనైనవాడు బరువు మడమ మీదికి తెచ్చుకుని, అడుగు సాగదీసి, తిన్నగా వెనక్కి నడుస్తాడు. ఆయన కర్రకాళ్ళ మీద నడిచి చూపించాడు. అడవిపంది గిట్టలు చెక్కలకు బిగించి, ఆ చెక్కలు బూట్లకు కట్టుకుని నడిచాడు. చెక్క పలక పరుచుకుంటూ, దాన్ని వెనకనుంచి లాక్కుంటూ పట్టీ దాటి, చివర్న గోధుమ జావ తినే చెంచాతో మట్టి సర్దాడు. ఎంతో మంది సార్జెంట్లు ఆయన దగ్గర నేర్చుకుని వెళ్ళారు. ఆయన మాత్రం ఈ పదిహేడేళ్ళలో మూడే మూడుసార్లు దొరికాడు, మూడుసార్లూ పట్టింది కుక్కలే.

"గుర్తు ఎంత తిన్నగా ఉంటే అంత అనుమానించండి," అనేవాడు. "నిజం చెప్పాలనుకున్నవాడు మన కంచె దగ్గరికెందుకొస్తాడ్రా? వీసా తీసుకుని రైలెక్కుతాడు."

ఆ మాట మా బుర్రల్లోకి ఎంత దిగిందంటే, రెండో నెల వచ్చేసరికి మేం దేన్నీ నమ్మడం మానేశాం. తుర్కమేన్ ఎడారి నుంచి వచ్చిన ఒరాజొవ్, బారకాసుల పెరట్లో అడుగుల గుర్తు చూసి కాపలా పుస్తకంలో "కోడి, లేదా కోడిలా నటిస్తున్నవాడు" అని రాశాడు. జుర్బాకి ఊళ్ళో ఒక అమ్మాయి ఉండేది. "నీ కోసం ఎదురుచూస్తున్నాను" అని ఉత్తరం రాసింది. వాడు ఆ ఉత్తరాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత సూటిగా ఎందుకు రాసినట్టు?" అని వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

సుబేదారు ఇల్లు అడవి మొదట్లో ఉండేది. ఆయన భార్య ఉస్తీన్యా సవ్వీష్నని మేమంతా ఉస్తీన్యా అత్తా అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా ఉండేది. నోరు మాత్రం మా బెటాలియన్ మొత్తానికి సరిపోయేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఒక ఆవుండేది. బావి ఇంటికి రెండొందల అడుగుల దూరం. రెండు బకెట్లు భుజాన కావడి వేసుకుని వస్తూ, దారిలో ఎవడు కనపడితే వాడికి తన గోడు చెప్పేది.

"మా చెల్లెలికి పట్నంలో మూడో అంతస్తు, నాయనా. కుళాయి తిప్పితే వేడినీళ్ళు! గ్యాసు పొయ్యి! గుమ్మం దిగితే రొట్టెల కొట్టు. నాకేముంది? మట్టి. మా ఆయన మట్టిని పెళ్ళాడాడు, నన్ను దానికి పనిమనిషిగా తెచ్చాడు."

ఆవిడ కోరిక తీరే రోజు దగ్గరికొచ్చింది. సెప్టెంబరులో డాక్టర్ల బోర్డు వచ్చి సుబేదారు మోకాళ్ళు చూసింది. అరిగిపోయాయన్నారు. పట్నంలోని సైనిక గిడ్డంగిలో దుప్పట్లు చూసుకునే పని ఖాళీగా ఉంది, దాంతోపాటు క్వార్టరు కూడా ఇస్తారు, వేడినీళ్ళ కుళాయితో. ఉస్తీన్యా అత్త ఆవుకి బేరం పెట్టింది. చూడని కిటికీలకి పరదాలు కుట్టింది. సుబేదారు మాత్రం వారం రోజుల్లో పదేళ్ళు మీద పడ్డవాడిలా అయిపోయాడు. "దుప్పట్లు!" అనేవాడు మాతో. "మడత పెడితే పడుంటాయి. వాటి ముందు కూర్చుని నేనేం చేయాల్రా?"

శిక్షణ కేంద్రం అధిపతి మేజర్ దుబాసొవ్‌కి ఆయనంటే ఇష్టం. ఒకరోజు పిలిచి తలుపు వేశాడు. ఇదంతా తర్వాత సుబేదారే మాకు చెప్పాడు.

"ఎవ్సేయ్ నికనోరొవిచ్, అక్టోబరు పదకొండున పరీక్షకి జిల్లా నుంచి కల్నల్ వస్తున్నాడు. మోకాళ్ళ సంగతి ఆయన చేతిలో ఉంది. శిక్షణ బాగుందని రాస్తే ఇంకో మూడేళ్ళు మీరిక్కడే. లేకపోతే దుప్పట్లే."

"బాగానే ఉంటుంది, కామ్రేడ్ మేజర్."

"ఏం బాగు? పరీక్షంటే చొరబాటుదారుణ్ణి రెండు గంటల్లో పట్టుకోవడం. చొరబాటుదారుడు మీరు. మిమ్మల్నెవడు పట్టుకున్నాడు? కల్నల్ గారు ఆ రెండు గంటలూ చలిలో నిలబడి, చివరికి 'ఎవరూ దొరకలేదు' అని రాసుకుపోతాడు. ఈసారికి దొరికిపోండి."

సుబేదారు ముఖం ఎర్రబడింది. "దొరికిపోవడమా?"

"తిన్నగా నడవండి. సోయా చేలోంచి రండి, పట్టీ దాటండి, అడవిలో గడ్డివాము దగ్గర కూర్చోండి. ఇరవై నిమిషాల్లో పిల్లలొచ్చి పట్టుకుంటారు. పిల్లలు పాసు, నేను పాసు, మీరు పాసు. ఇది ఆజ్ఞ."

ఆజ్ఞంటే ఆజ్ఞే. పదకొండో తారీకున సుబేదారు జీవితంలో మొదటిసారి పట్టీ మీద తిన్నగా నడిచాడు.

పదిన్నరకి గంట కొట్టారు. మేం పదిమందిమి పరిగెత్తాం. జుర్బా మా నాయకుడు, ఒరాజొవ్ చేతిలో బుయాన్ అనే కుక్క, నా వీపు మీద రేడియో పెట్టె. పట్టీ దగ్గరికి వెళ్ళి చూసి అందరం అక్కడే నిలబడిపోయాం. అంత చక్కటి గుర్తులు నాలుగు నెలల్లో ఒక్కసారీ చూడలేదు. ఎనిమిది అడుగులు, అన్నీ సమాన దూరంలో, అన్నీ అడవి వైపుకి. బూటు కింది మేకులు లెక్కపెట్టుకోవచ్చు. మధ్యలో ఒక చోట ఆగి, సిగరెట్ పీక కూడా పడేశాడు.

మాకు గుండెల్లో రాయి పడింది.

"పీక కూడా వదిలాడంటే చూడండ్రా, ముసలాయన ఎంత పెద్ద ప్లాను వేశాడో," అన్నాడు జుర్బా గొంతు తగ్గించి.

"అడవిలోకి వెళ్ళాడు," అన్నాడు ఒరాజొవ్. వాడికి మాటలు తక్కువ.

"వెళ్ళినట్టు కనపడుతోంది. కనపడేది ఎవడైనా చూస్తాడు."

"బుయాన్ కూడా అటే లాగుతోంది."

"ఎందుకు లాగదు? ఉస్తీన్యా అత్త రోజూ దానికి ఎముకలు పెడుతుంది. వాళ్ళిల్లు ఎటుంది? అటే. అది తిండికి లాగుతోందిరా, డ్యూటీకి కాదు."

అందరం నవ్వాం. కుక్క మా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. అక్కడ ఉన్నవాళ్ళలో బుర్ర ఉన్నది దానికొక్కదానికే. నేనైనా నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. వంగి చూసి, "మడమ మరీ బాగా పడిందిరా. మామూలుగా నడిచేవాడికి ఇంత బాగా పడదు," అన్నాను. జుర్బా నా భుజం తట్టాడు. నాకు భలే గర్వంగా అనిపించింది.

అలా తేలింది: ఆయన అడవిలోంచి వెనక్కి నడుచుకుంటూ సోయా చేలోకి వెళ్ళాడు. విదేశంలో మేం అడుగు పెట్టకూడదు. కానీ భోజనానికైనా తిరిగి రావాలిగా? పట్టీ పక్కన కాలవ ఉంది. అందులో బోర్లా పడుకుని, తుపాకులు సోయా చేను వైపు పెట్టి కాపు కాశాం.

లావుపాటావిడ మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది. "ఎవరికోసం నాయనా, అలా తడిమట్టిలో పడుకున్నారు?"

"విదేశీ పౌరులతో మాట్లాడం," అన్నాడు జుర్బా.

"బుల్దకోవ్ కోసమా? పొద్దున ఇటునుంచి అటు వెళ్ళాడుగా, నాకు దండం కూడా పెట్టాడు."

ఆవిడ వెళ్ళాక జుర్బా మా వైపు తిరిగాడు. "చూశారా? ఆవిణ్ణి కూడా తనవైపు తిప్పుకున్నాడు."

ఇక్కడ మేం ఇలా ఉండగా, అక్కడ గడ్డివాము దగ్గర సుబేదారు చేతులు ఎత్తడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఇరవై నిమిషాలైంది. నలభై అయింది. దారి తప్పారేమోనని దగ్గాడు. తర్వాత పాట అందుకున్నాడు. టోపీ తీసి కర్రకి తగిలించి వాము మీద గుచ్చాడు. ఎవరూ రాలేదు. ఇంకేం చేయాలో తోచక తడి ఆకులు పోగేసి మంట పెట్టాడు. పొగ అడవి మీద స్తంభంలా లేచింది.

"పొగ!" అన్నాడు ఒరాజొవ్ వెనక్కి చూసి.

"మన దృష్టి మళ్ళించడానికి," అన్నాడు జుర్బా. "ఎవరూ కదలొద్దు."

మరో అరగంటకి సుబేదారు ఉండబట్టలేక లేచి వచ్చాడు. పట్టీ దగ్గర మా బూటు గుర్తులు చూసుకుంటూ మమ్మల్ని వెతుక్కున్నాడు. కాలవ గట్టు మీద వెనక నుంచి వచ్చి నా బూటు పట్టుకుని లాగాడు.

"ఒరేయ్ కొలొతీలొవ్, ఏం చేస్తున్నార్రా ఇక్కడ?"

నేను తల తిప్పలేదు. చేను మీదనుంచి చూపు తిప్పకూడదని నేర్పింది ఆయనే కదా. "ష్! పడుకోండి కామ్రేడ్ సుబేదార్, కనపడతారు. మీ కోసమే కాపు కాశాం."

ఆయన పడుకున్నాడు. పదిహేడేళ్ళ అలవాటు, ఎవరి కాపునైనా చెడగొట్టడం ఆయన వల్ల కాదు. నా పక్కన బోర్లా పడుకుని కాసేపు సోయా చేను వంక చూశాడు.

"ఎంతసేపట్నుంచి?"

"గంటన్నర పైనే."

"నేనింకా రాలేదా?"

"ఇంకా లేదు," అన్నాను. అన్నాక నాకేదో తేడాగా అనిపించి మెల్లగా తల తిప్పాను. ఆయన మీసం నా చెవికి జానెడు దూరంలో ఉంది. కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. అప్పటికి పన్నెండున్నరైంది. రెండు గంటల గడువు అయిపోయింది. గంట కొట్టినప్పటి నుంచి దిబ్బ మీద నిలబడి దుర్భిణీతో చూస్తున్న కల్నల్ మా వైపు దిగి వస్తున్నాడు, ఆయన వెనకే మేజర్ దుబాసొవ్, శవం వెనక నడిచేవాడిలా.

కల్నల్ ఎండుచేపలాంటి మనిషి. ఇరవై ఏళ్ళు నిజం సరిహద్దు మీద గుర్తులు చదివినవాడని మాకు ముందే చెప్పారు. మమ్మల్ని వరసగా నిలబెట్టాడు.

"చొరబాటుదారుడు పాట పాడాడు. పొగ పెట్టాడు. జెండా ఎగరేశాడు. మీరు ఆయనకి వీపు చూపించి పడుకున్నారు. కారణం?"

జుర్బా పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు: గుర్తు మరీ తిన్నగా ఉంది కాబట్టి అబద్ధం, చొరబాటుదారుడు వెనక్కి నడిచాడు, అవతలికి పోయాడు. కల్నల్ పట్టీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబులోంచి అగ్గిపుల్ల తీసి ప్రతి గుర్తు లోతూ కొలిచాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇది ముందుకి నడిచిన గుర్తు. గుడ్డివాడు తడిమి చూసినా చెబుతాడు." తర్వాత మేజర్ వైపు తిరిగాడు. "ఇంత శుభ్రంగా ఎందుకు నడిచాడో నాకర్థం కావట్లేదు. దొరికిపొమ్మని ఎవరైనా చెప్పారా?"

మేజర్ సుబేదారు వంక చూశాడు. నాకు అప్పుడు ఆ ఆజ్ఞ సంగతి తెలియదు. కానీ సుబేదారుకి తెలుసు. అవునంటే మేజర్ ఉద్యోగం పోతుంది. కాదు, ఊరికే ముందుకి నడిచానంటే మేం పదిమందిమీ తప్పాం, మాకు చదవడం నేర్పలేదని ఆయన కాగితం మీద రాస్తారు, ఇక దుప్పట్లే. ఆయన ఒక అడుగు ముందుకేశాడు.

"పిల్లలు సరిగ్గానే చదివారు, కామ్రేడ్ కల్నల్. నేను వెనక్కే నడిచాను. అవతలికి పోయి, వాగు వెంట చుట్టు తిరిగి అడవిలోకొచ్చాను. పిల్లలు దారికాశారు, నేను వేరే దారిన వచ్చాను. తప్పు నాది."

"వెనక్కి నడిచి ఇలాంటి గుర్తు ఎవడూ వేయలేడు."

"నేను వేస్తాను."

"వెయ్యి."

ఆయన మొదటి గుర్తుల పక్కనే, రెండు బారల అవతల, అడవి వైపుకి తిరిగి పట్టీ ఇవతలి అంచున నిలబడ్డాడు. ఊపిరి పీల్చి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఎనిమిది అడుగులు. చూడ్డానికి మామూలు మనిషి నడకే, సినిమా రీలు తిరగేసినట్టు. కానీ మాకు చప్పుడు వినపడింది. ప్రతి అడుగుకీ మోకాలు ఎండుకొమ్మ విరిగినట్టు పటుక్కుమంది. ఐదో అడుగుకి ముఖం తెల్లబడింది. ఎనిమిదో అడుగు వేసి, విదేశంలో నిలబడి సెల్యూట్ చేశాడు. నేను అలాంటి నడక మళ్ళీ చూడలేదు, ఇక చూడను కూడా.

కల్నల్ చాలాసేపు అగ్గిపుల్లతో కొలిచాడు. మొదటిది, రెండోది, మళ్ళీ మొదటిది. కుక్కని తెమ్మన్నాడు. బుయాన్ తిన్నగా సుబేదారు దగ్గరికెళ్ళి ఆయన చెయ్యి నాకింది.

"మబ్బు పట్టింది. నీడ పడట్లేదు," అన్నాడు కల్నల్ చివరికి. "ఎక్కడో తేడా ఉంది, నాకు తెలుస్తోంది గానీ కంటికి దొరకట్లేదు. భోజనం చేసొద్దాం. అప్పటికి మబ్బు విడుస్తుంది. రెండిటికీ ప్లాస్టర్ అచ్చులు పోయించి చూస్తాను. ఎవరైనా ఒకణ్ణి కాపలా పెట్టండి."

నన్ను పెట్టారు. సుబేదారుని ఇద్దరు కుర్రాళ్ళు చంకల్లో చేతులు వేసి తీసుకెళ్ళారు.

అందరూ వెళ్ళాక నేను వంగి చూశాను. తేడా నాకు కనపడింది. రెండో వరసలో, ఐదో అడుగు నుంచి ఎడమ బూటు కొద్దిగా బయటికి తిరిగింది. వేలెడు కూడా ఉండదు. మోకాలి నొప్పి అది. ఎండ వస్తే ఆ అంచున నీడ పడుతుంది, కల్నల్ చూస్తాడు, అంతా అయిపోతుంది. నన్ను నేను తిట్టుకున్నాను. మడమ మరీ బాగా పడిందట! పెద్ద మొనగాణ్ణి!

అడవిలోంచి గంట చప్పుడు వినపడింది. ఉస్తీన్యా అత్త ఆవుని తాడుతో పట్టుకుని వస్తోంది. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే రబ్బరు జోళ్ళే ఉన్నాయి.

"ఆగండి అత్తా, ఇటు రాకూడదు," అన్నాను తుపాకీ సరిచేసుకుని.

"ఏవేవో పోయించి చూస్తారటగా?"

"అవును."

ఆవిడ పట్టీ అంచున నిలబడి రెండు వరసలూ చూసింది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ఇది పొద్దుటిది," అంది మొదటి వరస చూపించి. రెండోదాని మీద ఆవిడ చూపు ఎడమ బూటు దగ్గర ఆగింది. పెదవులు బిగించింది. "ముసలి గాడిద. నేను కట్టు కడతానంటే వినలేదు." కొంగు లాంటి తలగుడ్డ చివరతో ముక్కు తుడుచుకుంది. "ఇంట్లో బూట్లు ఊడి రావట్లేదు, కత్తితో కోశాను. ఆ కాళ్ళు చూస్తే... సరే. నువ్విక్కడ ఏం చేస్తున్నావ్?"

"కాపలా, అత్తా."

"కాపలా అయితే ఎటు చూడాలి? నీ మొహం ఎటుంది? విదేశం అటు కదా ఉంది?"

"అటే."

"మరి అటు చూడు. నాలుగు నెలలు మేపినందుకు ఆ మాత్రం నేర్చుకోలేదా?"

నేను సోయా చేను వైపు తిరిగాను. కంటి రెప్ప వేయకుండా చూశాను. సరిహద్దుని అంత శ్రద్ధగా నేను మళ్ళీ ఎన్నడూ కాపలా కాయలేదు. వెనక ఆవు బుసలు, మెత్తటి మట్టిలో గిట్టల చప్పుడు, "ఇటు, తల్లీ, ఇటు, ఇంకో అడుగు" అని ఉస్తీన్యా అత్త బుజ్జగింపు వినపడ్డాయి. చాలాసేపు వినపడ్డాయి.

కల్నల్ అందరితో కలిసి వచ్చేసరికి మబ్బు నిజంగానే విడిచింది. ఎండ ఏటవాలుగా పడి పట్టీ మీద ప్రతి మట్టిగడ్డకీ నీడ వచ్చింది. చూడ్డానికి మాత్రం ఆవు గిట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. ఉస్తీన్యా అత్త పక్కన తాడు పట్టుకుని నిలబడింది. సుబేదారు రావద్దన్నా వినకుండా, కోసిన బూట్లకి గుడ్డలు చుట్టుకుని, కర్ర పట్టుకుని వచ్చాడు. పట్టీ చూసి నోరు తెరిచాడు.

"కాపలాదారూ, ఏం చూశావు?" అన్నాడు కల్నల్.

"విదేశం వైపు చూస్తున్నాను, కామ్రేడ్ కల్నల్. ఇది వెనక నుంచి వచ్చింది."

జుర్బా నా చెవిలో, "ఇది ఆవేనా?" అన్నాడు. వాడి కాలి మీద తొక్కాను.

కల్నల్ వంగి చూశాడు. "తాడు తెంచుకుందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"తెంచుకుందండి," అంది ఉస్తీన్యా అత్త. తాడు ఆవిడ చేతిలో నిక్షేపంలా ఉంది.

"తెంచుకున్న ఆవు పక్కన చిన్న సైజు రబ్బరు జోళ్ళు నడిచాయి."

"పట్టుకుందామని పరిగెత్తానండి."

"పరిగెత్తలేదు. మెల్లగా నడిచారు. ఆవుని పదహారు గుర్తుల మీదికీ ఒక్కొక్కటిగా తిప్పారు. మీ గుర్తులు దాచుకోలేదు, వెనక్కి నడవలేదు, ఏమీ చేయలేదు." కల్నల్ లేచి నిలబడ్డాడు. "పట్నంలో ఇల్లు సిద్ధంగా ఉందని మీకు చెప్పారా?"

"చెప్పారు."

"వేడినీళ్ళ కుళాయి ఉంది."

"తెలుసండి. పరదాలు కూడా కుట్టాను."

"మరి?"

ఆవిడ అంతవరకూ గట్టిగానే ఉంది. ఇప్పుడు తాడు వేళ్ళకి చుట్టుకుంది. "పట్నంలో అంతా సిమెంటండి. సిమెంటు మీద గుర్తులు పడవు. పొద్దున లేచి ఈయన ఎక్కడ నడుస్తాడు? నాలుగు రోజుల్లో మంచమెక్కుతాడు. ఆ కుళాయి నీళ్ళు నేనేం చేసుకోను?"

విదేశంలో లావుపాటావిడ కూడా పని ఆపి చూస్తోంది. కల్నల్ అగ్గిపుల్లని చేతిలో కాసేపు తిప్పి, దాంతోనే సిగరెట్ వెలిగించుకున్నాడు.

"రాయండి, మేజర్," అన్నాడు. "మొదటి గుర్తుకీ రెండో గుర్తుకీ తేడా రుజువు చేయడానికి ఆధారాలు లేవు. విద్యార్థుల పఠనం తప్పని చెప్పలేం. శిక్షకుడు ఉద్యోగంలో కొనసాగవచ్చు, వెనక్కి నడవడం మినహా." తర్వాత జుర్బా వైపు చూసి, "నువ్వు మాత్రం అప్పుడప్పుడూ కుక్క మాట వినవోయ్," అన్నాడు.

సాయంత్రం పట్టీ చదును చేసే వంతు నాది. అక్కడ ఎంత పెద్ద గొడవ జరిగినా, చీకటి పడేలోపు పట్టీ మళ్ళీ పిండిలా ఉండాలి. అది మా కేంద్రంలో ఎవరూ తప్పని నియమం. గుర్రానికి దంతె కట్టి బురుజు వైపు నుంచి తోలుకుంటూ వచ్చాను. ఆవు తొక్కిన చోట సుబేదారు ఉన్నాడు. గట్టు మీద కూర్చుని, గుడ్డలు చుట్టిన కాళ్ళు బారచాపి, గిట్టల పక్కన పడిన రబ్బరు జోళ్ళ గుర్తులు చూస్తున్నాడు. వేలితో ఒకదాని అంచు తడిమాడు.

"బయల్దేరేటప్పుడు మడమ లోతుగా ఉంది చూడు, వేడినీళ్ళు వెనక్కి లాగాయి," అన్నాడు నాతో. "ఇక్కడికొచ్చేసరికి తేలికైంది. పదిహేడేళ్ళు ఆవిడ నన్నూ మట్టినీ తిడుతుంటే విన్నాను. నాకేం తెలియలేదురా."

నేను గుర్రం కళ్ళెం సర్దాను.

"ఈ నాలుగు బారలు వదిలెయ్," అన్నాడు. "రేపు చేద్దువుగాని."

నేను గుర్రాన్ని చుట్టూ తిప్పి, మిగతా పట్టీ అంతా చదును చేసి వెళ్ళిపోయాను.